పందొమ్మిదో తేదీ రాయి

నవంబరు పందొమ్మిది వస్తోందంటే నాకు కొంచెం బెంగగా ఉంటుంది. ఆ ఒక్క తేదీ మీద చరిత్ర అవసరానికి మించి బరువు పెట్టింది.

నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. పిల్లలు చేరడం లేదని ఆ గ్రూపు తీసేసి చాన్నాళ్లయింది. నన్ను మాత్రం తియ్యలేదు, స్టడీ అవర్లో ఎవరు నిద్రపోతున్నారో చూడ్డానికి ఉంచారు. అలా మిగిలిపోయిన చరిత్రనంతా రోజూ పొద్దున్నే మా ఊరి వాట్సాప్ గ్రూపులో 'చరిత్రలో ఈ రోజు' అని పెడుతుంటాను. ఒకవైపు గులాబీలతో శుభోదయాలు, ఇంకోవైపు ఎవరిదో గేదె తప్పిపోయిందన్న కబురు, మధ్యలో నా చరిత్ర. చదివేవాళ్లు ఎంతమందో తెలియదు గానీ బొటనవేలు చూపించేవాళ్లు నలుగురున్నారు. అందులో ఒకడు మా బావమరిది. వాడు చదవకుండానే చూపిస్తాడు.

మిగతా రోజులకి ఏదో ఒకటి దొరికితే చాలనుకుంటాను. పందొమ్మిదికి మాత్రం దేన్ని తీసెయ్యాలో తెలియదు. దేశానికి ప్రధానమంత్రి అయిన ఒకావిడ ఆ రోజు పుట్టారు. ఆవిడకి చాలా ముందు, గుర్రమెక్కి కత్తి పట్టిన ఒక రాణిగారు కూడా ఆ రోజే పుట్టారంటారు. జాతీయ సమైక్యతా దినం ఆ రోజే. పురుషుల దినం ఆ రోజే. ఇవి చాలవన్నట్టు ప్రపంచ మరుగుదొడ్ల దినం కూడా దాని మీదే పెట్టారు. రాణిగారినీ మరుగుదొడ్డినీ ఒకే మెసేజీలో ఎంత దూరంలో కూర్చోబెట్టాలన్నది నాకు ఏటా వచ్చే సమస్య.

ఇవన్నీ అయ్యాక తుపాను. డెబ్భై ఏడులో వచ్చిన తుపాను తీరం దాటింది చీరాల దగ్గరే, అంటే మా ఊరి నుంచి సైకిలేసుకుని వెళ్లే దూరం. ఉప్పెన మాత్రం దివిసీమ మీద పడింది. వేలల్లో మనుషులు పోయింది అక్కడ. కాబట్టి పేపర్లన్నీ ఏటా దివి గురించే రాస్తాయి, అలా రాయడమే న్యాయం. మా వైపు ఇళ్ల కప్పులు, చేలు, గొడ్లు, కొంతమంది మనుషులు పోయారు. అక్కడ జరిగింది తెలిశాక మావాళ్లు తమ నష్టం గురించి గట్టిగా మాట్లాడ్డం మానేశారు.

మా పెద్దనాన్న పోయింది కూడా తుపాను రోజే. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది, మా అమ్మ కూడా ఉన్నన్నాళ్లూ అలాగే అనేది. ఆయన ఊళ్లో మిషను బడి మాస్టారు. ఎలా పోయారని మేమెప్పుడూ అడగలేదు. తుపాను రోజు అని చెప్పాక ఇంకా ఎలాగని అడిగితే బాగోదు కదా. అప్పటికి నాకు రెండేళ్లు. ఆ లెక్కన నేనూ సాక్షినే, కాకపోతే సాక్ష్యం చెప్పే వయసు కాదు.

పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, చర్చిలో బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే మనిషిగా, పనిచేసి రిటైరైంది. ఇప్పుడు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. ఏటా పందొమ్మిదిన ఆవిడ జ్ఞాపకార్థ కూడిక పెడుతుంది. పొద్దున సమాధుల తోటకి వెళ్తాం. దక్షిణం వైపు ఒక తుమ్మచెట్టు ఉంది. దాని పక్కన ఉత్త నేల మీద బంతిపూలు పెట్టి కాసేపు నిలబడతాం. అక్కడ రాయి లేదు, గట్టు లేదు. ఎందుకు లేదని కూడా మేం అడగలేదు. మొదట్లో పెట్టే స్తోమత లేకపోయి ఉంటుంది, తర్వాత అలా అలవాటైపోయి ఉంటుంది అనుకున్నాం. సాయంత్రం ఇంట్లో ప్రార్థన, తర్వాత భోజనాలు.

ఆ కూడికకి దేశంతో పేచీ పడటం మామూలే. రెండువేల ఇరవై ఒకటిలో, రైతు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని టీవీలో చెప్పింది ఆ పొద్దునే. ఏటా తప్పకుండా వచ్చే ఒక పెద్దరైతు ఆ వార్త పూర్తిగా చూసి గంట ఆలస్యంగా వచ్చాడు. ఇరవై మూడులో మరీ ఇబ్బందయింది. ప్రపంచకప్ ఫైనల్ కూడికతోపాటే పడింది. కుర్రాళ్లు పాటల పుస్తకాల్లో ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. మా పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే వెనక నుంచి ఎవడో "అయ్యో దేవా" అన్నాడు. అయ్యగారు ఆమెన్ అన్నారు. తర్వాత తెలిసింది, వికెట్ పడిందని. మర్నాడు పొద్దున పెద్దమ్మ నాతో తృప్తిగా చెప్పింది, ఇన్నేళ్లకి ఈ యేడు అందరి మొహాల్లోనూ నిజమైన దుఃఖం ఉందిరా, కళ్లు కనపడకపోయినా గొంతుల్లో తెలుస్తుంది అని. నేను అవునన్నాను.

ఆ మరుసటి ఏడు రాయి సంగతి వచ్చింది. సమాధుల తోట చుట్టూ ప్రహరీ కట్టాలని సంఘ పెద్దలు తీర్మానించారు. లోపల దారులు వెయ్యాలి, వరసలు గీయాలి. రాయి లేని సమాధులుంటే కుటుంబాలవాళ్లు క్రిస్మస్‌లోపు గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఆ నేల చదును చేస్తారు. తుమ్మచెట్టు పక్కనుంచే దారి వస్తుందట. ఈ మాట చెవిన పడగానే పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. పలకరింపులు లేవు.

"ఏరా, రాయి పెట్టించు. నా కళ్లు పూర్తిగా పోకముందు చేత్తో తడిమైనా చూసుకోవాలి."

చీమకుర్తిలో రాళ్లు కోసే ఒక మేస్త్రీని పట్టుకున్నాను. చుక్కలు మెరిసే నల్లరాయి. దేశదేశాల బ్యాంకుల గోడలకెక్కే రాయి, మా పెద్దనాన్నకి రెండడుగులు. ఏం చెక్కాలో కాగితం మీద రాసిమ్మన్నాడు. పేరు, మిషను బడి ఉపాధ్యాయుడు, ఒక బైబిలు వాక్యం, ప్రభువునందు నిద్రించిన తేది 19-11-1977. రాసిచ్చేసి, జీవితంలో ఒక్క పనైనా తడబడకుండా చేశానని సంతోషపడుతూ ఇంటికొచ్చాను.

అయ్యగారు కుర్రాయన, పద్ధతి గల మనిషి. రాయి పెట్టేముందు సంఘం రిజిస్టరుతో సరిచూడాలన్నారు. పంచె ముక్కలో చుట్టిన పాత పుస్తకం బీరువాలోంచి తీసి, పేజీలు జాగ్రత్తగా తిప్పి, ఒక చోట ఆగి నా మొహం చూశారు. నేను తొంగి చూశాను. పెద్దనాన్న పేరు. భూస్థాపన: 18-11-77, శుక్రవారం. సిరా చక్కగా ఉంది. తడవలేదు, చెరగలేదు. అయ్యగారు, నేను ఇద్దరం రెండుసార్లు చదివాం. రిజిస్టరు ప్రకారం, మా పెద్దనాన్నని ఆయన చనిపోవడానికి ఒకరోజు ముందు పాతిపెట్టాం.

"బ్రదర్, పెద్దమ్మగారిని ఒకసారి అడుగుతారా?" అన్నారు అయ్యగారు.

అడగనని చెప్పాను. నలభై ఏడేళ్లుగా ఒక తేదీన ఏడ్చిన మనిషి దగ్గరికెళ్లి నీ తేదీ తప్పు అని చెప్పడానికి నాకు ధైర్యం లేదు. బయటికొచ్చి ముందు మేస్త్రీకి ఫోన్ చేసి తేదీ ఆపమన్నాను. ఆయన ఇంకా మొదలుపెట్టలేదట.

ఆ రాత్రంతా రిజిస్టరే తప్పై ఉంటుందని నన్ను నేను ఒప్పించుకున్నాను. అప్పటి అయ్యగారు తుపాను హడావిడి తగ్గాక, ఏ నెలకో గుర్తున్నంతవరకు రాసి ఉంటారు. పాత కాగితం తప్పని తేలితే బాగుండునని కోరుకోవడం చరిత్ర చదివినవాడు చెయ్యదగ్గ పని కాదు. అయినా కోరుకున్నాను. అప్పుడు గుర్తొచ్చాడు ఏటా కూడికకి వచ్చే ఆ పెద్దరైతు. ఆయన మా పెద్దనాన్న దగ్గర చదువుకున్నవాడు, డెబ్భై ఏడుకి పాతికేళ్ల కుర్రవాడు. ఆయన్నడిగితే తేలిపోతుంది.

పొద్దున్నే ఆయన చేనికి వెళ్లాను. మిరప పూత మీద ఉంది. గట్టు మీద కూర్చుని, మందు కొట్టేవాళ్ల మీద అరుస్తూ మధ్యమధ్యలో నాతో మాట్లాడాడు. మా మాస్టారి శవపెట్టె నేనూ మోశాను అన్నాడు. మా పేటవాళ్ల పెట్టెని వాళ్ల కులంవాళ్లు మొయ్యడం అప్పట్లో ఊళ్లో పెద్ద వార్తట. ఏ పేపర్లోనూ రాలేదు, నా 'చరిత్రలో ఈ రోజు'లోనూ ఎప్పుడూ రాలేదు. వాళ్ల నాన్న వారం రోజులు మాట్లాడలేదట. మాట్లాడకపోవడానికి కారణం కులం ఒక్కటే కాదని కూడా చెప్పాడు. ఆ రోజు పొగాకు నాట్లు. కూలీలు చేలో ఉండగా, నారు ఎండలో వాడిపోతుండగా, కొడుకు వదిలేసి పెట్టె మొయ్యడానికి పోయాడు.

ఎండ అన్న మాట దగ్గర నేను ఆగాను. తుపాను రోజు ఎండేమిటి బాబాయ్ అన్నాను.

"మంచి ఎండ. మెడ మాడింది."

నాకు కాస్త ఆశ పుట్టింది. మా వైపు పొగాకు సంగతి తెలిసినవాడిగా ఒక లెక్క వేశాను. ఆ యేడు తుపానుకి నాటిన చేలన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక, కందుకూరు వైపు నుంచి నారు తెచ్చి అందరూ మళ్లీ నాటారు. అంటే ఆ యేడు నాట్లు రెండుసార్లు. ఈయన చెప్పే ఎండ రెండో నాటుది అయితే, పెద్దనాన్న పోయింది డిసెంబరు. అప్పుడు పెద్దమ్మా తప్పే, రిజిస్టరూ తప్పే. నేను తేల్చుకుందామని వచ్చిన రెండు తేదీలు మూడయ్యాయి. వాటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటిని పలకరించడం లేదు. మొదటి నాటా రెండో నాటా అని అడిగాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. స్టడీ అవర్లో నేను పిల్లల్ని చూసే చూపు అది.

"రెండో నాటుకి నారు దొరక్క చస్తుంటే వదిలేసి పోతానట్రా? మొదటిదే. పొద్దున పెట్టె మోశా, మధ్యాహ్నం వచ్చి మిగతా చేను నాటా. మర్నాడు గాలి. నాటిన మొక్క ఒక్కటి మిగల్లేదు. మా నాన్న అన్నాడు, నువ్వు పొద్దున ఉండి నాటినా పోయేదేలే అని. అప్పుడు మాట్లాడాడు నాతో."

ఇంక తప్పించుకునే దారి లేకపోయింది. శుక్రవారం భూస్థాపన, శనివారం తుపాను. బిక్కమొహం వేసుకుని పెద్దమ్మ ఇంటికెళ్లాను.

ఆవిడ వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. చూపుతో పనిలేని పని అది. వేళ్లకి కాయ తగలగానే తొడిమ ఊడుతుంది, కాయ చేటలో పడుతుంది. నేను రెండుసార్లు తుమ్మి, వాతావరణం గురించి మాట్లాడి, ప్రహరీ పని గురించి మాట్లాడి, పాత రిజిస్టర్లలో తప్పులు దొర్లడం మామూలేనని ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలో ఆపింది.

"రిజిస్టర్లో పద్దెనిమిదని ఉంది. అదేగా?"

"నీకు తెలుసా?"

"సంతకం పెట్టింది నేనేగా. పోయింది పదిహేడు, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నరకి. టైఫాయిడ్ అన్నారు. మర్నాడు పెట్టాం. నాకు తెలీదనుకున్నావంట్రా?"

రెండు రోజులుగా ఆవిడకి ఎలా చెప్పాలా అని నలిగిన సంగతి ఆవిడే నాకు చెబుతోంది. మరి ఇన్నేళ్లూ పందొమ్మిదిన ఎందుకు పెట్టావు కూడిక అని అడిగాను. అడిగాక, ఆ గొంతు పరీక్ష హాల్లో చీటీ పట్టుకున్నవాడి గొంతులా ఉందనిపించి సిగ్గుపడ్డాను.

ఆవిడ తొడిమలు తీస్తూనే చెప్పింది. శనివారం గాలికి ఇంటి కప్పు లేచిపోయింది. మా అమ్మ, నేను, ఆవిడ బడి గదిలో దూరామట. ఆదివారం పొద్దున గాలి తగ్గింది. ఆవిడ మోకాలి లోతు నీళ్లలో సమాధుల తోటకి వెళ్లింది. కట్ట తెగి కాలవ మొత్తం తోటలోంచి పారింది. శుక్రవారం పోసిన మట్టి పచ్చిది. ఆ దిబ్బ లేదు. నాటిన కర్ర సిలువ లేదు. నీళ్లు తీశాక చూస్తే తోటంతా ఒకటే ఒండ్రు, ఈ చివర నుంచి ఆ చివరకి అలికినట్టు ఉంది.

"శనివారం దాకా ఆయనెక్కడున్నాడో నాకు తెలుసురా," అంది. "ఆ తర్వాత తెలీదు."

నాకు తుమ్ము వచ్చింది, ఆపుకున్నాను. రాయి ఎందుకు పెట్టలేదో అప్పుడర్థమైంది. పెట్టడానికి చోటు లేదు. తుమ్మచెట్టు పక్కన నలభై ఏడేళ్లుగా మేం పూలు పెట్టిన నేల, ఆవిడ ఉజ్జాయింపుగా అనుకున్న నేల.

మరి రాయి మీద ఏ తేదీ అని అడిగాను.

"చెప్పానుగా. పందొమ్మిది."

మేస్త్రీకి ఫోన్ చేసి పందొమ్మిదే అన్నాను. సాయంత్రం అయ్యగారికి చెబితే ఆయన, రిజిస్టరు ఒకటి, రాయి ఒకటి అయితే రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి బ్రదర్ అన్నారు. న్యాయమైన మాటే. మేస్త్రీకి మళ్లీ ఫోన్ చేసి పదిహేడు అయితే ఎలా ఉంటుందని అడిగాను. ఇంకో గంటకి, ఉత్త 'నవంబరు 1977' అని చెక్కితే సరిపోతుందేమో అన్నాను. అటువైపు రాయి కోసే మిషను ఆగింది.

"సార్, మీరు చరిత్ర చెబుతారన్నారు కదండీ," అన్నాడు మేస్త్రీ. "ఇది కాగితం కాదు, రాయండీ, రబ్బరు పనిచెయ్యదు. ఇంట్లో అందరూ కూర్చుని అనుకుని చెప్పండి."

కూర్చోవడం ఇంట్లో కాక సమాధుల తోటలో జరిగింది. పెద్దమ్మ వచ్చింది, అయ్యగారు రిజిస్టరుతో వచ్చారు, పెద్దరైతుని నేనే పిలిచాను. పెట్టె మోసినవాడు కాబట్టి చోటు చెబుతాడని నా ఆశ. చోటు సరిగ్గా తేలితే పెద్దమ్మ మనసు మారి తేదీ కూడా సరైనదానికి వస్తుందేమో అనుకున్నాను. అన్నీ సరిచేద్దామని బయల్దేరేవాడికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

పెద్దమ్మ చెట్టు పక్కన ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. నేను పెద్దరైతుని అడిగాను, మాస్టారిని ఎక్కడ పెట్టారో గుర్తుందా బాబాయ్ అని. ఆయన చేతికర్రతో నేల మీద అటూ ఇటూ చూపించి, చూపించడం ఆపేశాడు. పెద్దమ్మ మొహం ఆయన వైపు తిప్పింది.

"నువ్వు చెప్పురా. ఏమీ అనుకోను," అంది.

"నాకూ తెలీదండీ అమ్మగారూ," అన్నాడాయన. "ఆదివారం మీరు రాకముందే వచ్చా. వెతికా. మీరు వస్తుంటే చూసి కట్ట అవతలికి పోయా."

నలభై ఏడేళ్లు ఏటా కూడికకి వచ్చి, పప్పూ పులిహోరా తిని, వానల గురించి మాట్లాడి వెళ్లిపోయే మనిషి ఆయన. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని పెద్దమ్మ అడగలేదు. మీరు అడగలేదని ఆయనా అనలేదు. ఆవిడ చెయ్యి చాపితే ఆయన తన కర్ర ఆవిడకిచ్చాడు. ఆవిడ తన కాళ్ల ముందు నేలని ఆ కర్రతో రెండుసార్లు పొడిచింది.

"ఇక్కడ పెట్టండి."

అయ్యగారు గొంతు సవరించుకుని తేదీ సంగతి ఎత్తారు. రిజిస్టరు తెరిచి ఆవిడ ముందు పట్టుకున్నారు, ఆవిడకి కనపడదని మరిచిపోయి. పెద్దమ్మ చేత్తో తడిమి, ఆ పుస్తకాన్ని మూసింది.

"అయ్యగారూ, ఇది మీ దగ్గర ఉండనివ్వండి. అందులో రాసింది నిజమే. పదిహేడునాడు ఏడవడానికి నాకు ఖాళీ లేదు, పెట్టె పురమాయించాలి, కబుర్లు పంపాలి. పద్దెనిమిదినా లేదు. పందొమ్మిది గాలిలో కూర్చున్నా, ఇంకేం పనిలేదు. అప్పుడు ఏడిచా. నాది పందొమ్మిది."

అయ్యగారు రిజిస్టరుని మళ్లీ పంచెలో చుట్టారు. చుట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నాతో మెల్లిగా, రాయి వెడల్పు రెండడుగులు దాటకుండా చూసుకోండి బ్రదర్, దారికి అడ్డం రాకూడదు అన్నారు. సంఘం వైపు నుంచి వచ్చిన అభ్యంతరం అదొక్కటే.

మేస్త్రీకి చివరిసారి ఫోన్ చేశాను. ఏ తేదీ సార్ అన్నాడు, ఊపిరి బిగబట్టినట్టు. పందొమ్మిది అన్నాను. ఖాయమేనా అన్నాడు. ఖాయం అన్నాను. గ్రూపులో నేను పెట్టినవాటిలో తప్పులు చాలా ఉండి ఉంటాయి, అవి తెలియక పెట్టినవి. తెలిసి తెలిసి తప్పు తేదీ రాయించింది మాత్రం ఇదొక్కటే, అదీ గ్రానైటు మీద. క్రిస్మస్‌కి వారం ముందు రాయి వచ్చింది. పెద్దమ్మ కింద కూర్చుని వేళ్లతో అంకెలు తడిమింది. ఒకటి దగ్గర ఆగలేదు. తొమ్మిది దగ్గర ఆగి, దాని తలచుట్టూ వేలు తిప్పి, ఊ అంది.

అంతా అయిపోయిందనుకున్నాను గానీ, నా చిక్కు అప్పుడే మొదలైంది. మొన్న, అంటే ఈ యేడు నవంబరు పదిహేడున పొద్దున్నే లేచాను. గ్రూపులో ఏం పెట్టాలో తోచలేదు. ఆ తేదీకి దేశంలో జరిగినవి కొన్ని ఉన్నాయి, అవి పెట్టాను. నాలుగు బొటనవేళ్లు వచ్చాయి. పన్నెండున్నర దగ్గరపడుతుంటే స్టడీ అవర్లో కూర్చోలేకపోయాను. బయటికొచ్చి పెద్దమ్మకి ఫోన్ చేశాను. చేశాక ఏం మాట్లాడాలో తెలియక, పందొమ్మిదిన భోజనాలకి ఎంతమంది వస్తారు, పులిహోర ఎక్కువ చేయించమంటావా అని అడిగాను.

"అది ఎల్లుండి కదరా," అంది. "ఇవ్వాళ ఎందుకు చేశావు?"

ఊరికే అన్నాను. అటువైపు చేటలో కాయలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. గడియారం పన్నెండున్నర దాటేదాకా అలాగే ఉన్నాం. అప్పుడు ఆవిడ, మిరపకాయలు తీసుకెళ్లడానికి ఎల్లుండి సంచి తెచ్చుకో అని చెప్పి పెట్టేసింది.

లోపలికొచ్చేసరికి సగం క్లాసు నిద్రపోతోంది. ఎవర్నీ లేపలేదు.